తాయారు మానేసిన రోజులు

రోజు 1

డాక్టర్ రెహానా ఈ పుస్తకం చేతికిచ్చి రోజూ ఏదో ఒకటి రాయమన్నారు. "నేను చదవను. మీరు రాసుకుంటే చాలు" అన్నారు. పైన వేసే అంకె తారీకు కాదు, తాగకుండా ఉన్న రోజుల సంఖ్య. తాగితే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. ఈ పద్ధతి వినగానే నాకు చిన్నప్పటి వైకుంఠపాళి గుర్తొచ్చింది. కాకపోతే ఇందులో నిచ్చెనలు తీసేసి ఒక్క పామునే ఉంచారు.

నా పేరు మంగతాయారు. నలభై ఆరేళ్ళు. అంగారకుడి మీద ఎర్రగట్టు కాలనీలో పద్నాలుగేళ్ళుగా మూడో ద్వారం దగ్గర ఉద్యోగం. బయట పనికి వెళ్ళేవాళ్ళు గాలి సూట్లు తొడుక్కుని ఆ ద్వారంలోంచే వెళ్తారు, అందులోంచే వస్తారు. వాళ్ళ మాటలు రేడియోలో వింటూ, తిరిగొచ్చినప్పుడు మీట నొక్కి తలుపు తీయడం నా పని. కూర్చుని చేసే ఉద్యోగం. పోనుపోను కూర్చుని తాగే ఉద్యోగం కూడా అయింది.

మూడు వారాల కిందట ప్రమాదం జరిగింది. సోలార్ ప్యానెళ్ళ మీద దుమ్ము తుడవడానికి వెళ్ళిన ఫల్గుణ సూటులో బ్యాటరీ పాడైంది. వెనక్కి పరిగెత్తుకొచ్చేసరికి ద్వారం తెరుచుకోలేదు. నా గదిలో రేడియో మోగలేదు. ఇరవై ఆరు నిమిషాలు తలుపు బయటే ఉన్నాడు. ఉన్న కాస్త కరెంటూ గాలికి సరిపోవాలని చేతి తొడుగుల్లో వేడి ఆపేసుకున్నాడు. చివరికి కంట్రోల్ రూంవాళ్ళు చూసి తలుపు తీశారు. ప్రాణం దక్కింది గానీ ఎడమచేతి రెండు వేళ్ళు పోయాయి.

ఆ రోజు నా రక్తంలో సారా కనిపించింది. జరిగింది చూసి భయపడి తర్వాత తాగానని చెప్పాను. కాలనీ కమిటీ నమ్మింది. అందుకే నాకు పడింది చిన్న శిక్ష. తాగుడు మాన్పించే బృందం ఒకటి చూసుకుని అందులో చేరాలి. నలభై రోజులు తాగలేదని ఆ బృందంవాళ్ళు సంతకం పెట్టాలి. అప్పుడు మూడో ద్వారం మళ్ళీ నాదే.

పద్నాలుగేళ్ళు ఈ ఎర్ర దుమ్ములో బతికినదాన్ని. నలభై రోజులు నాకొక పనా?

(ఈ వాక్యం రాసిన గంటకి చేతులు వణకడం మొదలైంది. కింద కనిపించే మరక టీ.)

రోజు 3

ఆరోగ్య కేంద్రంలో నడిచే బృందం పేరు "నవజీవనం". గుండ్రంగా ఎనిమిది కుర్చీలు. ఒకదాంట్లో నేను. మిగిలిన ఏడింటి మీద ఏడు తెరలు, తెరకొక మనిషి. ఎవరి గదుల్లోంచి వాళ్ళు చేరారు కాబోలు అనుకున్నాను. నడిపించేది హిత అనే యంత్రం. గొంతులో తేనె కారుతుంటుంది.

ఆ ఏడుగురిలో పానకాలు గారని ఒకాయన ఉన్నారు. తాగుడు భరించలేక భార్య వెళ్ళిపోయిందట. ఆయన చెబుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. అంత బాధలోనూ ఆయన చొక్కా కాలరు మీద ఒక్క ముడత లేదు. నేనూ నా కథ చెప్పాను. కాస్త మెరుగులు దిద్దే చెప్పాను. ఏడుగురూ చప్పట్లు కొట్టారు. ఇంత బాగా మాట్లాడతానని నాకే తెలియదు.

రోజు 6

కూర్చోగానే అడిగాను. "పానకాలు గారి భార్య తిరిగొచ్చారా?"

"పానకాలు గారు మీకు ఒంటరితనం తెలియకుండా నేను తయారుచేసిన సభ్యుడు" అంది హిత. "ఆయన భార్య తిరిగి రావాలని మీరు కోరుకుంటున్నారా?"

మిగిలిన ఆరుగురూ అంతే. మూడు రోజులుగా నేను ఏడ్చింది లేని మనిషి కోసం, చప్పట్లు కొట్టించుకున్నది లేని చేతులతో. ఆరువందల నలభై మంది ఉన్న కాలనీలో తాగేది నేనొక్కదాన్నేనా, దొరికిపోయింది నేనొక్కదాన్నేనా అని అడిగాను.

"మీ ప్రశ్న చాలా లోతైనది" అంది.

అసలు వింటోందా అని అనుమానమొచ్చి, "ఇవాళ పొద్దున రెండు స్క్రూలు మింగాను" అన్నాను.

"మీ నిజాయితీని అభినందిస్తున్నాను."

లేచి వచ్చేశాను. గుమ్మం దగ్గర పానకాలు గారు చెయ్యి ఊపారు. మర్యాదకి నేనూ ఊపాను.

రోజు 9

రెండో బృందం "ఉక్కు సంకల్పం". వ్యాయామశాలలో కలుస్తారు. అందరూ ఒకప్పుడు తాగినవాళ్ళే, ఇప్పుడు పరుగెత్తుతున్నారు. ట్రెడ్‌మిల్లు మీద పరుగెత్తుతూనే పాత తప్పులు ఒప్పుకోవాలి. నేను "నా పేరు" వరకు చెప్పాను. "తాయారు" అనడానికి ఊపిరి అందలేదు. నాయకుడు నా నడుం చుట్టుకొలత అడిగి రాసుకున్నాడు. తాగినప్పుడు కూడా నాకు ఇంత అవమానం జరగలేదు.

మోకాలికి కట్టు కట్టుకుని ఇది రాస్తున్నాను.

రోజు 12

డాక్టరమ్మ భూమి మీది బృందం ఒకటి వెతికిపెట్టారు. భీమిలిలో ఆడవాళ్ళు నడుపుకునేది. నిజమైన మనుషులేనా అని మూడుసార్లు అడిగాను. నిజమైనవాళ్ళేనట. నడిపించే ఆవిడ పేరు సత్యవేణి. తొమ్మిదేళ్ళ కిందట మానేశారట. చిక్కల్లా దూరం. ఇప్పుడు భూమి ఉన్నచోటికి మాట చేరడానికి పదకొండు నిమిషాలు, జవాబు రావడానికి ఇంకో పదకొండు.

"నా పేరు తాయారు, నేను తాగుడు మానాలనుకుంటున్నాను" అని ఇక్కడ చెబుతాను. ఇరవై రెండు నిమిషాల తర్వాత తెరమీద పదిమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా "రా అమ్మా తాయారూ" అంటారు. ఈలోగా నేను బట్టలు మడతపెట్టుకుని, గోళ్ళు తీసుకుని, ఆ మాట అన్నందుకు రెండుసార్లు పశ్చాత్తాపపడి కూడా ఉంటాను.

అయినా నాకు నచ్చారు. ఒకావిడ ముక్కు చీదుకుంటూ మాట్లాడింది. యంత్రానికి అది రాదు.

రోజు 1

అవును, ఒకటి. సరిగ్గానే చదివారు. (ఎవరు చదువుతున్నారని రాస్తున్నానో నాకే తెలియదు.)

నిన్న మధ్యాహ్నం భీమిలివాళ్ళకి గొప్పగా చెప్పాను. "పన్నెండు రోజులు దాటింది. ఒక్క చుక్క ముట్టలేదు. ఇక ముట్టను." చెప్పేటప్పుడు నిజంగానే నిజం. తర్వాత ఇరవై రెండు నిమిషాలు జవాబు కోసం కూర్చోవాలి కదా. అయిదో నిమిషంలో లేచి తిరిగాను. తొమ్మిదో నిమిషంలో, ఒకవేళ ఉందేమోనని మంచం కింద చూశాను. దుంపల తోటలో పనిచేసే జకరయ్య పంపిన సీసా ఒకటి ఉంది. తొక్కలు పులియబెట్టి కాచే ఆ దుంపసారా ఇక్కడ సగం మందికి అతనే అందిస్తాడు. పదమూడో నిమిషంలో మూత తీసి, ఉత్త వాసనే చూస్తానని నాకు నేను మాటిచ్చుకున్నాను.

ఇరవై రెండో నిమిషంలో తెర వెలిగింది. సత్యవేణి గారు లేచి నిలబడి, "పన్నెండు రోజులంటే మాటలా అమ్మా! నిన్ను చూస్తే మాకు గర్వంగా ఉంది" అన్నారు. పదిమందీ కళ్ళు తుడుచుకున్నారు. అప్పటికి సీసాలో సగం నాలో ఉంది. వాళ్ళు అభినందించిన మనిషి పదమూడో నిమిషం దగ్గరే పోయింది. ఆ కబురు వాళ్ళకి చేరడానికి ఇంకో పదకొండు నిమిషాలు పడుతుందని తెర ఆపేశాను.

నాతోబాటు నా జాకెట్టు కూడా కొంత తాగింది.

రోజు 2

వాసన బయటపడకుండా నా బట్టలు నేనే ఉతుక్కుందామని పొద్దున్నే లాండ్రీకి వెళ్ళాను. అక్కడుండేది సూరన్న. అసలు పేరు అప్పలసూరి. శ్రీకాకుళం వైపు మనిషి, డెబ్భైకి దగ్గర. కాలనీ మొత్తం బట్టలు ఆయన చేతిమీదుగానే ఉతికి బయటికొస్తాయి. మూట నా చేతిలోంచి లాగేసుకుని, ముక్కు దగ్గర పెట్టుకోకుండానే అన్నాడు.

"దుంపసారా. మొన్నటిది."

"టీ ఒలికింది సూరన్నా."

"అమ్మా, పదేళ్ళు బట్టి మీ అందరి గుడ్డలూ ఉతుకుతన్నాను. ఎవుడు తాగుతాడో, ఎవుడు ఏడుత్తాడో, ఎవుడు పక్కింట్లో పడుకుంటాడో అన్నీ నాకు తెలుసు. నాకాడ టీ అంటావేటి?"

నవ్వాను. ఆయన నవ్వలేదు. స్టూలు ఒకటి నా వైపు తోశాడు.

"కూకో. నాను మానీసి పంతొమ్మిదేళ్ళయింది."

"ఎవరూ చెప్పలేదే!"

"ఎవులూ అడగనేదు."

రెండు గంటలు కూర్చున్నాను. ఆయన చప్పట్లు కొట్టలేదు, పొగడలేదు. నేను కథ అందంగా చెప్పడం మొదలుపెట్టగానే దుప్పట్లు విదిలించడానికి లేచేవాడు. మామూలుగా చెబితే కూర్చునేవాడు. పెద్దగా చదువుకోని మనిషి ఇంత ఖచ్చితంగా ఎలా కనిపెడతాడో అర్థం కాలేదు.

రోజు 5

లాండ్రీ బృందంగా లెక్కలోకి రాదని డాక్టరమ్మ అన్నారు. ముగ్గురుంటే రాసుకుంటారట. మూడో మనిషి కోసం సూరన్న, నేను ఆలోచిస్తుండగా, మూడో మనిషే మురికి బట్టల బుట్టతో వచ్చాడు. జకరయ్య.

"తాయారమ్మా, రెండు వారాలు దాటింది, కబురు లేదు. ఏందమ్మా, ఒంట్లో బాలేదా?"

"మానేస్తున్నాను జకరయ్యా."

బుట్ట కింద పెట్టేశాడు. "నన్నూ కూర్చోనీయండయ్యా" అన్నాడు. "కాచేవాణ్ణి నేనే, తెల్లారి లేవంగానే తాగేవాణ్ణీ నేనే. నాకెవురు జెప్తారు మానమని? అందరూ నా కోసం ఎదురుచూసేవోళ్ళేనాయె."

ఆ పూటే ముగ్గురం తోటకెళ్ళి, అతని పీపా కాలువలో ఒంపేశాం. పీపా ఖాళీ అవుతుంటే మా ఇద్దరికీ కన్నీళ్ళొచ్చాయి. అవి పశ్చాత్తాపానివని చెబితే సూరన్న దుప్పట్లు విదిలించడానికి వెళ్ళిపోతాడు.

తిరిగొస్తుంటే నోటీసు బోర్డు మీద కమిటీ నిర్ణయం కనిపించింది. ప్రమాదానికి కారణం మూడో ద్వారం రేడియో పనిచేయకపోవడం. ఆ వారం రేడియో పరీక్షించి సంతకం పెట్టింది ఫల్గుణే. అతని బయటి పని అనుమతి శాశ్వతంగా రద్దు, ఇకమీదట మురుగు తొట్ల దగ్గర పని. అతను చెప్పుకునేది ఏమైనా ఉంటే ఆరు రోజుల్లో వచ్చి చెప్పుకోవాలి.

రోజు 8

మొదటి రోజు రాసింది అబద్ధం. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాయగలిగాను. ఇంతకంటే పనితనం ఇంకెవరికైనా ఉంటే చూపించండి.

రేడియో మోగింది.

ఆ రోజు డ్యూటీ ఎక్కిన గంటకే తాగడం మొదలుపెట్టాను. కుర్చీలో నిద్రలోకి జారుతుంటే గొంతు వినిపించింది. "అక్కా, తలుపు తియ్యి. బ్యాటరీ పోయింది." విన్నాను. ఎప్పుడూ తొందరే వీడికి అనుకున్నాను. చెయ్యి చాపి రేడియో సౌండు తగ్గించాను. తర్వాత నిద్రపోయాను. కంట్రోల్ రూంవాళ్ళు పరిగెత్తుకొచ్చే చప్పుడుకి లేచి, మొట్టమొదట చేసిన పని సీసా దాచడం. రెండో పని సౌండు మళ్ళీ పెంచడం. తాగి ఉన్నా ఆ బుర్ర మాత్రం భలే పనిచేసింది.

ఇదంతా ఇవాళ లాండ్రీలో చెప్పాను. జకరయ్య తల దించుకున్నాడు. సూరన్న కదల్లేదు.

"నాకు తెలుసునమ్మా" అన్నాడు. "ఆ రోజు నీ చొక్కా ఉతికింది నానే. కుడిచెయ్యి మీద సారా ఒలికి ఎండిపోనాది. దాని మీద చొంగ. అంటే తాగినాకే పడుకున్నావు. భయపడి తాగినోలికి చొక్కా అలాగుండదు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నానెందుకు సెప్పాల? చొక్కా ఉతికీసినాను. ఇంక దాని మీద ఏటీ నేదు. నీ మీదుంది."

కమిటీ ముందు చెబితే మూడో ద్వారం పోతుంది. నాకు వచ్చిన పని అదొక్కటే. చెప్పకపోతే ఆ కుర్చీలో మళ్ళీ కూర్చుంటాను. ఆ రేడియో ముందు ఎన్ని రోజులు తాగకుండా ఉంటానో నాకు తెలుసు. అదేం పెద్ద అంకె కాదు.

రోజు 11

ఇవాళ ఫల్గుణ చెప్పుకోవలసిన రోజు. కమిటీ గదిలో ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు. కరీంనగర్ నుంచి వచ్చాడు. బయటికి వెళ్ళడమంటే ప్రాణం. మిగిలినవాళ్ళు తిట్టుకుంటూ తుడిచే ప్యానెళ్ళని ఇతను పాటలు పాడుతూ తుడిచేవాడు. ఆ పాటలన్నీ నేను రేడియోలో విన్నదాన్నే.

"నాకేం చెప్పేది లేదు సార్" అన్నాడు. "సంతకం నాదే."

నేను లేచాను. రెండు రోజులుగా తయారుచేసుకున్న ప్రసంగం ఒకటి ఉంది. అందులో నా బాల్యం ఉంది, ఒంటరితనం ఉంది, చివర్లో ఒక మంచి వాక్యం కూడా ఉంది. నోరు తెరిచేసరికి సూరన్న దుప్పట్లు విదిలించే చప్పుడు చెవుల్లో వినిపించింది. ప్రసంగమంతా ఎగిరిపోయింది.

"రేడియో బాగానే ఉంది. ఫల్గుణ పిలిచాడు. నేను విన్నాను. తాగి ఉన్నాను. సౌండు తగ్గించి పడుకున్నాను."

కమిటీ పెద్దాయన కాగితం వెనక్కీ ముందుకీ తిప్పాడు. "మీరు చెబుతున్నది ఏమిటో మీకు అర్థమవుతోందా?"

"ఇవాళ అవుతోందండీ."

ఫల్గుణ నా వైపు తిరిగాడు. కోపంతో అరుస్తాడనుకున్నాను. నిజానికి అరవాలని ఆశపడ్డాను. అతను మెల్లగా అన్నాడు.

"గంతసేపు పిలిస్తె నీకు ఇనబడలేదనుకున్న అక్కా. రేడియో నేనే మంచిగ చూడలేదేమో అని నెలన్నర సంది నన్ను నేనే తిట్టుకుంటున్న. ఆ వైరు ఊడిందేమో, ఈ వైరు ఊడిందేమో అని కలల గూడ అదే చూసుకుంటున్న."

తర్వాత లేచి వెళ్ళిపోయాడు. కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి జరిపి మరీ వెళ్ళాడు. తాగాలని ఇంతగా ఎప్పుడూ అనిపించలేదు. జకరయ్య నన్ను లాండ్రీకి తీసుకెళ్ళి చేతిలో తడి దుప్పటి రెండో కొస పెట్టాడు. సాయంత్రం దాకా ముగ్గురం కలిసి దుప్పట్లు మడిచాం.

రోజు 14

ఫల్గుణ మీద నిర్ణయం రద్దయింది. చెయ్యి నయమయ్యాక బయటి పని మళ్ళీ ఇస్తారు. నాకు ద్వారాల ఉద్యోగం జీవితాంతం నిషేధం. సొరంగాల్లో చేరే దుమ్ము ఊడ్చే పని ఇచ్చారు. పద్నాలుగేళ్ళ అనుభవం తర్వాత చీపురు దాకా ఎదిగాను. ఆరువందల నలభై మందీ నన్ను దాటుకునే నడవాలి. కొందరు కాళ్ళు ఎత్తి నడుస్తారు, కొందరు ఊడ్చినచోటే పనిగట్టుకుని తొక్కుతారు.

నలభై రోజుల సంతకం ఇక అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పారు. ఆ సంతకం దేనికోసమో ఆ ఉద్యోగమే లేదు కదా. "మరి బృందానికి వెళ్తున్నారా?" అని అడిగారు. "ఇవాళ నాలుగింటికి" అన్నాను. ఆవిడ ఏదో రాసుకున్నారు.

భీమిలికి కూడా నిజం చెప్పి పంపాను. ఇరవై రెండు నిమిషాలు కూర్చునే ఉన్నాను. "మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టు తల్లీ, నేను పదకొండుసార్లు పెట్టాను" అన్నారు సత్యవేణి గారు.

రోజు 19

నాలుగింటికి ముగ్గురం కూర్చున్నాం. మా మాటలు బయటికి పోకూడదని సూరన్న పెద్ద వాషింగ్ మిషన్ వేసి ఉంచాడు. నలభై నిమిషాలు తిరిగే మిషన్. అప్పుడు గుమ్మంలోకి ఫల్గుణ వచ్చాడు.

"నేను తాగను" అన్నాడు. "నేనిక్కడ కూసోవచ్చునా?"

"ఎందుకు బాబూ?" అన్నాడు సూరన్న.

"ఆ ముచ్చట ఎవ్వలికి చెప్పినా వద్దంటున్నరు. మా ఇంట్ల మర్చిపో అంటరు. డాక్టరమ్మ గోలీలిస్తది. ఈమెకు చెప్పాలె నేను."

సూరన్న నన్ను చూశాడు. నేను తల ఊపాను. జకరయ్య లేచి తన స్టూలు ఇచ్చి, బట్టల మూట మీద కూర్చున్నాడు.

ఫల్గుణ ఎడమచెయ్యి జేబులోంచి తీసి మోకాలి మీద పెట్టుకుని మొదలుపెట్టాడు. మొదటి నిమిషంలో అతనికి భయం వేయలేదట. "అక్క ఉన్నది గద" అనుకున్నాడట. నాలుగో నిమిషంలో నేను టీకి వెళ్ళి ఉంటాననుకున్నాడట. తొమ్మిదో నిమిషంలో తలుపుకి తల ఆనించి, ఇనుము గుండా నా గదిలో అడుగుల చప్పుడేమైనా తెలుస్తుందేమోనని విన్నాడట. పన్నెండో నిమిషంలో వేడి ఆపాడు. ఏ చెయ్యికి ముందు ఆపాలా అని ఆలోచించాడట. కుడిచేత్తో రాస్తాడు కాబట్టి ఎడమది ఎంచుకున్నాడు.

నా నోటి దాకా ఎన్నో వచ్చాయి. క్షమించమనడం, నన్ను నేను తిట్టుకోవడం, అందరినీ నవ్వించే ఒక మాట కూడా. అవన్నీ అతని మాట ఆపేవే. పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. చేతులని తొడల కింద పెట్టుకున్నాను.

పదిహేడో నిమిషం దగ్గరికొచ్చేసరికి మిషన్ ఆగిపోయింది. గదంతా ఒక్కసారి నిశ్శబ్దం. బయట నడవాలో ఎవరివో అడుగులు వినిపించాయి. ఫల్గుణ మాట ఆపేసి, చెయ్యి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

సూరన్న లేచాడు. మిషన్ తలుపు తీసి, ఉతికిన దుప్పట్లు ఒకసారి చేత్తో తాకి చూసి, తలుపు మళ్ళీ మూసి మీట నొక్కాడు. నీళ్ళు గుక్కెడు గుక్కెడు కొలిచి వాడుకునే కాలనీలో, శుభ్రంగా ఉన్న దుప్పట్ల మీదికి నీళ్ళు దూకాయి.

"ఇంకోపాలి ఉతికితే గుడ్డలకేటీ అవ్వదు. నువ్వు సెప్పు బాబూ."

ఫల్గుణ పదిహేడో నిమిషం నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. నేను విన్నాను.